సగం వీపు

పదకొండున్నర దాటింది. మా ఎయిర్‌డేల్ టెర్రియర్ కుక్క బుల్లోడు నా కుర్చీ పక్కనే పడి నిద్రపోతున్నాడు. కుడివైపు వీపంతా బొచ్చు పలచగా, లోపలి బూడిదరంగు నూగు కనిపిస్తూ ఉంది. ఎడమవైపు పాత చీపురులా నిక్కపొడుచుకుని ఉంది. మధ్యలో వెన్ను వెంబడి ఒక గట్టు. సగం కోసి వదిలేసిన మడిలా ఉన్నాడు పాపం.

వదిన చూసి నవ్వింది. నవ్వితే నవ్వింది. “ఇంకా చేత్తోనే బొచ్చు పీకుతున్నావా? మిషన్ పెట్టిస్తే పావుగంట పని కదా” అంది. సాయంత్రం నుంచి ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. పడుకుంటే నిద్ర రాదని తెలుసు కాబట్టి ఇలా కూర్చున్నాను.

పావుగంట పనే. ఎవరు కాదన్నారు? ఆ తర్వాత ఏడాది పాటు అనుభవించేది ఎవరు?

ఎయిర్‌డేల్ ఒంటి మీద రెండు వరసలుంటాయి. పైన తీగలాంటి బిరుసు వెంట్రుక, కింద మెత్తటి నూగు. యార్క్‌షైర్‌లో ఎయిర్ నది లోయలో 19వ శతాబ్దంలో నీటికుక్కల (ఒట్టర్ల) వేటకని అక్కడి టెర్రియర్లని ఒట్టర్‌హౌండ్ అనే వేటకుక్కతో కలిపి తీసిన జాతి ఇది. చల్లటి నీళ్లలో దిగాలి, ముళ్లపొదల్లో దూరాలి. పై వరస తడినీ ముళ్లనీ ఆపుతుంది, కింది వరస వెచ్చదనం పట్టి ఉంచుతుంది. ఆ పై వెంట్రుక కొస లావుగా, ముదురు రంగులో ఉంటుంది. కుదురు దగ్గరికొచ్చేసరికి సన్నబడి వెలిసిపోతుంది. ఎదగడం అయిపోయాక కూడా చాలావరకు తనంతట తాను రాలదు, అలాగే వేలాడుతుంది. మిషన్ చేసేదల్లా ఆ లావాటి నల్లకొసని కోసేసి, వెలిసిన మొదలుని ఒంటి మీద వదిలేయడం. చచ్చిన వెంట్రుక కుదుట్లోంచి కదలదు, కొత్తది గట్టిగా రావడానికి చోటు దొరకదు. అలా కొన్నిసార్లు చేశారంటే వీపు మీది నల్ల జీను బూడిదరంగుకి తిరుగుతుంది, బిరుసు పోయి ఉన్నిలా అవుతుంది. ఉన్నికి చిక్కులెక్కువ, ఆరడం ఆలస్యం.

మూడేళ్ల కిందటి సంగతి ఇది. ఊరెళ్లాల్సొచ్చి ఒక గ్రూమింగ్ చోట వదిలాం. “కాళ్లు, గడ్డం దువ్వండి, వీపు ముట్టుకోవద్దు” అని రెండుసార్లు చెప్పాం. తిరిగొచ్చేసరికి మెడ నుంచి తోక దాకా గీసేశారు. వాళ్లకి అది తప్పని కూడా తెలీదు, “నీట్‌గా ఉన్నాడు కదండీ” అన్నారు. నీట్‌గానే ఉన్నాడు, నున్నటి ఎలకలా. మూడు నెలలకి మొలిచింది చూస్తే దూది. పల్లేరుకాయలు పొట్ట దాకా అంటుకోవడం, స్నానం చేయిస్తే లోపల తడి ఆరకపోవడం. ఆ తడికి తుంటి దగ్గర ఒక రాత్రిలో అరచేయంత ఎర్రటి పుండు లేచింది. హాట్ స్పాట్ అంటారు. దురదకి నాకి నాకి వాడే పెద్దది చేసుకున్నాడు. దానికి వైద్యం ఏమిటో తెలుసా? చుట్టూ బొచ్చు మిషన్‌తోనే తీసేసి గాలి తగిలేలా చేయడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుని పలచగా కలిపి తుడవడం, నాకకుండా మెడకి కోన్ కట్టడం. అదే మిషన్! చేత్తో పట్టుకుంటుంటే ఒళ్లు మండింది.

సరే, పీకడం గురించి. స్ట్రిప్పింగ్ అంటే భయపడతారు గానీ పండిన వెంట్రుక పీకితే కుక్కకి నొప్పి ఉండదు. పండిందో లేదో చూడటం తేలిక: వీపు మీద పాయ తీసి కొసలు పట్టుకుని మెల్లగా లాగితే తేలిగ్గా వచ్చేయాలి. వాడు తల తిప్పి చూశాడన్నా, చర్మం ఎర్రబడిందన్నా ఇంకా వారం పది రోజులు ఆగాలి. ఎడమచేత్తో చర్మం బిగదీసి పట్టి, కుడిచేతి బొటనవేలు చూపుడువేలు మధ్య ఎనిమిది, పది వెంట్రుకల కంటే ఎక్కువ తీసుకోకుండా, మొలిచిన దిక్కుకే లాగాలి. మణికట్టు తిప్పకూడదు, మోచేతి నుంచి రావాలి లాగుడు. మణికట్టు తిరిగిందంటే వెంట్రుక మధ్యలో తెగుతుంది. వేళ్లకి రబ్బరు తొడుగులు, జారకుండా కాస్త చాక్ పొడి. ముందు వారం స్నానం చేయించకూడదు, శుభ్రమైన బొచ్చు పట్టు దొరక్క జారిపోతుంది. అయ్యాక కూడా రెండు మూడు రోజులు షాంపూ వద్దు, మంట పుడుతుంది. కొత్తది మొలిచేదాకా ఎర్రటెండలో తిప్పకూడదు.

స్ట్రిప్పింగ్ నైఫ్ వాడేవాళ్లు ఒకటి చూసుకోండి. అది కత్తి కాదు, పట్టు కోసం పళ్లున్న రేకు, అంతే. కొత్తది పదునుగా ఉంటే కోసేస్తుంది. చేతికొచ్చిన వెంట్రుకలు కాగితం మీద పరిచి చూడండి. ఒక కొస లావు, రెండోది సన్నగా పాలిపోయి ఉంటే కుదురుతో వచ్చినట్టు. రెండో కొస కత్తెరేసినట్టు మొద్దుగా ఉంటే మీరూ మిషనే పెట్టారన్నమాట, కాకపోతే నెమ్మదిగా.

ఇదంతా వదినకి చెప్పాలని నోటి చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకంటే కథలో రెండో సగం ఉంది, అది నేనే సరిగ్గా ఒప్పుకోలేదు ఇన్నాళ్లూ.

ఆ మిషన్ తర్వాత ఏడాదికి కూడా బొచ్చు కోలుకోలేదు. గీసినవాళ్లని తిట్టుకుంటూనే ఉన్నాను. ఈలోగా వాడు ఇరవై ఎనిమిది కిలోల నుంచి ముప్ఫై మూడుకి వచ్చాడు, తిండి అదే. తోక మీద బొచ్చు పలచబడింది, నడుముకి రెండు పక్కలా ఒకే ఆకారంలో. దురద లేదు. “బయటికి” అనగానే ముందు గుమ్మంలో నిలబడేవాడు పిలిస్తే గానీ లేవడం లేదు. వయసు అనుకున్నాం. డాక్టరుగారు చూడగానే రక్తం తీయమన్నారు. థైరాయిడ్ గ్రంథి చేసే టీ-4 హార్మోను బాగా తక్కువ, ఆ గ్రంథిని పనిచేయమని తోలే టీఎస్‌హెచ్ ఎక్కువ. థైరాయిడ్ మందగించింది. ఈ జాతిలో కొత్తేమీ కాదు. లెవోథైరాక్సిన్ మాత్ర రోజుకి రెండుసార్లు, తిండికి ముందైతే ఎప్పుడూ ముందే. నాలుగు నుంచి ఆరు వారాలకి మళ్లీ పరీక్ష, అదీ మాత్ర వేసిన నాలుగు నుంచి ఆరు గంటల మధ్య రక్తం తీయాలి, ఎప్పుడు పడితే అప్పుడు తీస్తే అంకెకి అర్థం ఉండదు. నాలుగు నెలలకి బొచ్చు మొలిచింది. నల్లగా, బిరుసుగా.

అంటే ఆ దూదిలో మిషన్ వాటా ఎంత, గ్రంథి వాటా ఎంత? ఆ గ్రంథి అప్పటికే మందగించి ఉంటే నేను చేత్తో పీకినా సరిగా మొలిచేది కాదేమో. అసలు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కలకి కూడా బొచ్చు మెత్తబడుతుంది, వీడికి చేయించి అప్పటికి ఏడాదే. మూడు కారణాలుంటే కళ్లెదుట కనబడిన ఒక్కదాన్నే పట్టుకున్నాను. అయినా చెప్పింది వినకుండా గీయడం తప్పే. అందులో మార్పు లేదు.

ఇవాళ్టి సంగతికొస్తే, బల్ల మీద రబ్బరు పట్టా వేసి, ముందుకాళ్ల కింద ఒక చేయి, తొడల వెనక ఒక చేయి వేసి ఎత్తాను. మొదలుపెట్టిన నలభై నిమిషాలకి వెనకకాళ్లు వణికాయి. యాభై నిమిషాలకి కూర్చున్నాడు. లేపితే లేచి, మళ్లీ కూర్చున్నాడు. పదేళ్లు నిండాయి, తుంటికి ఎక్స్‌రే కూడా తీయించాం. ఇంత పెద్ద టెర్రియర్ మొత్తం వీపు పీకాలంటే ఐదారు గంటల పని, నేను మాత్రం నాలుగేళ్ల కుక్కకి చేసినట్టు ఒక్క పూటలో అయిపోవాలని కూర్చున్నాను. వదిన అన్నది అప్పుడే. అందుకే అంత మండిందేమో.

నిజానికి గొంతు, పొట్ట, గజ్జలు ఎప్పుడూ కత్తెరతోనో మిషన్‌తోనో తీసేవే, అక్కడ చర్మం పలచన, పీకితే నొప్పి. కాళ్ల వేళ్ల మధ్య బొచ్చూ అంతే. ముసలి కుక్క నిలబడలేనప్పుడు వీపుకీ అదే చేస్తే రంగు పోతుంది, అంతేగా? డాగ్ షోకి వెళ్లేది ఉందా ఏమన్నా? అలా అనుకుంటూనే చేయి మళ్లీ దువ్వెన మీదకి పోయింది. ఇంకో దారి ఉంది. రోలింగ్. రోజుకి పది, పదిహేను నిమిషాలు, పడుకోబెట్టే, అక్కడక్కడ పొడుగు వెంట్రుకలు మాత్రమే తీయడం. ఏ పూటా బోడిగా కనిపించడు, చలీ వేయదు. నూగు కోసం అదే నైఫ్‌ని పడుకోబెట్టి దువ్వినట్టు లాగితే చాలు. ఎడమవైపు అలా చేస్తే కుడివైపుకి సరిపోవడానికి రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా సగం మడే.

అమెరికా అధ్యక్షుడు హార్డింగ్‌కి 1921 నుంచి లాడీ బాయ్ అని ఒక ఎయిర్‌డేల్ ఉండేవాడు, కేబినెట్ సమావేశాల్లో వాడికో కుర్చీ కూడా ఉండేదట. వీపు ఎవరు పీకేవారో ఎక్కడా దొరకలేదు నాకు.

ఇప్పుడే లేచాడు. గిన్నెలో తల పెట్టి తాగి, గడ్డం నిండా నీళ్లతో వచ్చి నా మోకాలి మీద పెట్టాడు. పంచె సగం తడిసింది. ఆ గడ్డం తుడవకపోతే తెల్లారేసరికి ఎర్రబారి పులిసిన వాసన, అందుకే గిన్నె పక్కన తువ్వాలు వేలాడుతుంది. తుడుస్తుంటే కళ్లు మూసుకుని అలాగే నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు, రెండు నిమిషాలు.

థైరాయిడ్ సంగతి మాత్రం వదినకి ఇంకా చెప్పలేదు. చెబితే మిషన్ మీద నాకున్న ఒకే ఒక్క సాక్ష్యం పోతుంది.