మళ్లీ కలిసిన ఆర్కెస్ట్రా క్యాసెట్టు: టేపు తప్పేది, ఆ రాత్రి పాటేది

కర్నూలు, అనంతపురం, కడప ఇళ్ల అటకల మీద ఒక రకం క్యాసెట్లు ఇంకా దొరుకుతాయి. వినాయక చవితి పందిట్లోనో, ప్రొద్దుటూరు దసరాలోనో ఆర్కెస్ట్రా పాడుతుంటే, జనంలో కూర్చున్నవాళ్లు ఒళ్లో టేప్ రికార్డర్ పెట్టుకుని పట్టినవి. విదేశాల్లో సోల్, పాప్ బ్యాండ్ల అభిమానులు ఇలాంటి వాటిని బూట్‌లెగ్ అంటారు. సారా సీసాను బూటులో దాచి దాటించినవాళ్ల నుంచి వచ్చిన మాట అది. వీటిలో అన్నిటికన్నా విలువైనవి, విడిపోయిన బృందం ఏళ్ల తర్వాత మళ్లీ ఒకే స్టేజీ ఎక్కిన రాత్రివి. ఆ కచేరీకి కంపెనీ క్యాసెట్టు ఉండదు, చాలాసార్లు వీడియో కూడా ఉండదు. ఉన్న ఒక్క సి-60 (గంట నిడివి క్యాసెట్టు) పోతే అంతా పోయినట్టే.

ఇలాంటి టేపును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు దెబ్బ తగిలేది ఎక్కువగా బూజు వల్ల కాదు, బాగు చేస్తున్నామనుకుని చేసే పనుల వల్ల. మళ్లీ కలిసేనాటికి గాయకుల వయసు పెరిగి ఉంటుంది. ఒకప్పుడు రెండు శ్రుతిలో పాడిన పాటను ఒకటి శ్రుతికి దించుకుంటారు. పాత పాటతో పోల్చి చూసినవాళ్లు టేపు నెమ్మదిగా తిరుగుతోందనుకుని వేగం 12 శాతం పెంచుతారు. గొంతులు కీచుమంటాయి, తాళం పరుగెడుతుంది, ఆ గాయకుడు ఆ వయసులో పాటను ఎలా మోశాడో వినపడకుండా పోతుంది. టేపు తెచ్చిన తప్పును తీసేయాలి. ఆ రాత్రి స్టేజీ మీద జరిగినదాన్ని మాత్రం ముట్టుకోకూడదు.

మరి వేగం నిజంగా తప్పిందా లేదా ఎలా తెలుసుకోవాలి? మొదట అందరూ కరెంటు హమ్ చూస్తారు. పాటకూ పాటకూ మధ్య స్పీకర్లలో గుయ్‌మనే ఆ మోత మన దేశంలో 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర ఉండాలి. 100 ఉండాల్సిన చోట 98 కనిపిస్తే వేగం 2 శాతం తగ్గిందన్నమాట. కానీ దీన్ని గుడ్డిగా నమ్మొద్దు. 1990లలో దక్షిణాది గ్రిడ్డే సాయంత్రం వేళల్లో 49 కంటే కిందికి దిగడం మామూలు. జనరేటర్ మీద నడిచిన కచేరీలో, లోడు తక్కువగా ఉంటే 51, 52 కూడా రావచ్చు. పైగా మీరు వాడుతున్న డెక్ (టేపు ఆడించే యంత్రం) సొంత హమ్ కూడా కలుస్తుంది. అందుకే ముందు టేపు ఆపి, డెక్ ఒక్కదాని మోత పది సెకన్లు పట్టి పెట్టుకోవాలి.

కీబోర్డు సాక్ష్యం ఇంతకంటే గట్టిది. ఎలక్ట్రానిక్ కీబోర్డు శ్రుతి లోపలి క్రిస్టల్ మీద నడుస్తుంది, కరెంటు తగ్గినా జారదు. వేణువుకో హార్మోనియానికో కలపడానికి ట్యూనింగ్ మార్చి ఉంటే తప్ప, దాని స్వరాలన్నీ 440 హెర్ట్జ్ ప్రమాణ శ్రుతి లెక్కకు సరిపోవాలి. ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) నొక్కినా పూర్తి అరస్వరాలే జరుగుతాయి కాబట్టి చిక్కు లేదు. కీబోర్డు ఒక స్వరాన్ని పట్టి నిలిపిన చోట్లు ఐదారు ఎంచుకుని, ఫోన్లోని ట్యూనర్ యాప్‌తో చూడండి. అన్నీ 30 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) హెచ్చుగా ఉంటే వేగాన్ని 1.7 శాతం తగ్గించండి. తేడా 50 సెంట్ల దగ్గర పడితే పైకి జరపాలో కిందికి జరపాలో కీబోర్డు చెప్పలేదు, అప్పుడు మాత్రం హమ్‌ను అడగాలి. మొదటి పాటలో సరిగా ఉండి చివరి పాటకు 60 సెంట్లు ఎక్కితే కారణం బ్యాటరీలు. రికార్డు చేసేటప్పుడు సెల్లులు నీరసపడి టేపు మెల్లగా తిరిగింది, ఇప్పుడు మామూలు వేగంతో వేస్తే శ్రుతి పెరుగుతోంది. దానికి ఒకే అంకె పనికిరాదు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్లో టైమ్ ట్రాక్ (వేగాన్ని గీతతో మార్చే వరుస) పెట్టి గీతను కొద్దికొద్దిగా దించాలి.

ఇదంతా టేపు సవ్యంగా ఆడిన తర్వాతి మాట. క్యాసెట్టు చేతికి రాగానే పైనున్న రెండు ప్లాస్టిక్ నాలుకలూ విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ పడినా చెరిగిపోదు. ఎండలకు జిగురు ఎండిపోయి, టేపు వెనకుండే చిన్న ఫెల్ట్ మెత్త ఊడిపోవడం మన జిల్లాల్లో చాలా ఎక్కువ. అది లేకుంటే టేపు, ధ్వనిని చదివే హెడ్‌కు ఆనదు, ధ్వని వచ్చి పోతూ ఉంటుంది. ఐదు స్క్రూల క్యాసెట్టు డబ్బా ఒకటి తీసుకుని, రెండు చక్రాలనూ టేపుతో సహా అందులోకి మార్చాలి. అతికించిన డబ్బా అయితే అంచు వెంట బ్లేడుతో విప్పాలి. ఓవెన్లో పెట్టి వేడి చేయమనే సలహా రీళ్ల టేపులది, క్యాసెట్టుకు వద్దు. ఆడించే ముందు ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి తిప్పండి. పక్క చుట్టలోని పాట ముందుగానే సన్నగా వినిపించే దోషం వేడిలో ఉంచిన టేపుల్లో ఎక్కువ, తిప్పితే కొంత తగ్గుతుంది. హెడ్‌నూ, ఇనుప కడ్డీనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బర్ రోలర్‌కు సబ్బు నీళ్లు చాలు.

తర్వాత హెడ్ వంపు. ఒళ్లో పెట్టుకునే ఆ రికార్డర్లు ఎక్కువగా మోనో. వాటి హెడ్ కొద్దిగా వాలి ఉంటే, మీ డెక్‌లో తాళాల మోత మొద్దుబారుతుంది. స్టీరియో డెక్‌లో టేపు వేసి, రెండు ఛానళ్లనూ మోనోగా కలిపి వింటూ, హెడ్ పక్కనున్న స్క్రూను పావు చుట్టు లోపలే మెల్లగా తిప్పండి. ఎక్కడ 'స', 'ష'లు పదునుగా తెగుతాయో అక్కడ ఆపండి. రెండో వైపుకు మళ్లీ చూడాలి. అలా సరిపోయాక రెండు ఛానళ్లనూ కలిపేస్తే బుస దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతుంది, ఏ ఫిల్టరూ లేకుండానే! డాల్బీ (డెక్‌లోని బుస తగ్గించే ఏర్పాటు) మాత్రం ఆపే ఉంచాలి.

లైన్ అవుట్ నుంచి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పట్టండి, ధ్వని శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. ఆ ముడి ఫైలును ఎప్పటికీ మార్చొద్దు. బుస తగ్గించేటప్పుడు 6 డెసిబెల్స్ దగ్గర ఆగండి. 12, 18 దాకా వెళ్తే చప్పట్లు నీళ్లలో కొట్టినట్టు అవుతాయి, ట్రంపెట్ అంచు అరిగిపోతుంది. డ్రమ్ము దెబ్బ పడగానే పాట కుంగి మళ్లీ లేవడం రికార్డరు తనంతట తాను లెవెలు దించడం వల్ల. మరీ విసుగు పుట్టించే చోట్ల చేత్తో రెండు మూడు డెసిబెల్స్ సర్దితే చాలు.

పంచే ముందు బృందాన్ని అడగండి. 1957 కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ సొంతానికి రికార్డు చేసుకోవడాన్ని ఒప్పుకుంటుంది, ఊరంతా పంచడాన్ని కాదు. కళాకారుల హక్కు ప్రదర్శన తర్వాత 50 ఏళ్లు ఉంటుంది, సినిమా పాటల హక్కులు వేరే. మొదటి కాపీ వాళ్లకే ఇవ్వండి. ఎవరు ఏ వాద్యం వాయించారో వాళ్లు చెప్పినట్టు ఫైలుతో పాటు రాసి ఉంచండి.

వ్యాఖ్యాత మాటలు నిడివి కోసం కత్తిరించొద్దు. ఎవరు ఎన్నాళ్లకు తిరిగి వచ్చారో చెప్పేది అక్కడే, ఆ పేరు వినగానే జనం వేసే ఈల కూడా అక్కడే ఉంటుంది. అరగంటకు క్యాసెట్టు తిప్పేటప్పుడు తెగిన పాటకు స్టూడియో ముక్క అతికించొద్దు. చప్పట్లను రెండు సెకన్లలో మెల్లగా దించి, రెండో వైపును అలాగే ఎత్తుకోండి. ఇక్కడ టేపు తిప్పారు అని వివరాల్లో ఒక ముక్క రాయండి.