'గురించి' అనే మాట లేకుండా ఒక్క వాక్యం

చిన్నప్పుడు అన్నం గబగబా తింటుంటే మా నాయనమ్మ "డొక్కల కరువులోంచి వచ్చావేంట్రా?" అనేది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను ఊడ్చేసిన కరువది. ఆ మాటే నన్ను తీసుకొచ్చి చెన్నైలో, ఎగ్మోర్ స్టేషన్ దగ్గర, పాత ప్రభుత్వ రికార్డులుండే తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూర్చోబెట్టింది.

మొదటి పరిశోధన పేపర్ ముప్ఫై రెండు పేజీలు వచ్చింది. వానలెప్పుడు ముఖం చాటేశాయి, జనం మద్రాసు దారి ఎలా పట్టారు, ఆఖరికి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తవడం దాకా అన్నీ రాశాను. జర్నల్‌కు పంపితే నాలుగు నెలలకు వెనక్కొచ్చింది. రివ్యూయర్ అడిగింది ఒక్కటే: "జరిగింది తెలిసింది. ఇంతకీ మీరేమంటున్నారు?"

మా గైడ్ మేడమ్ పేపర్ తిరగేసి, నా జేబులోని ఫైల్ రిక్వెస్ట్ స్లిప్ లాక్కుని వెనకవైపు చూపించారు. "ఇక్కడ ఒక్క వాక్యం రాయి. అందులో 'గురించి' అనే మాట రాకూడదు."

మూడు రోజులు పట్టింది. "కరువు ఎంత పెద్దదో అధికారులు పోయిన ప్రాణాలను బట్టి కాదు, వసూలు కాని శిస్తును బట్టి కొలిచారు." ఇది తప్పని ఎవరైనా నాతో వాదించొచ్చు. పాత పేపర్‌తో వాదించడానికి ఏముంది?

ఆ వాక్యం పక్కన పెట్టుకుని చూస్తే ఆనకట్టకు చోటే లేదు. పన్నెండు పేజీలు కొట్టేశాను, ప్రాణం ఉసూరుమంది. శవాల లెక్క రాసిన ఉత్తరం ఒకటి నా వాదనకు అడ్డొచ్చింది. దాచలేదు, దానికే రెండు పేరాలిచ్చాను. ముందు ఆధారాలు, తర్వాత ముగింపు, ఆ తర్వాతే ఉపోద్ఘాతం రాశాను. సారాంశం అన్నిటికన్నా చివర. ఇల్లు కట్టకుండా గుమ్మానికి తోరణం ఎలా కడతాం?

ఇంకో తలనొప్పి. శిస్తు వ్యవహారాలు చూసిన బోర్డ్ ఆఫ్ రెవెన్యూ రికార్డుల (ప్రొసీడింగ్స్) నుంచి మంచి వాక్యం ఒకటి ఎత్తి రాసుకున్నాను, వాల్యూమ్ నంబర్ రాసుకోలేదు. దాని కోసం రెండు రోజులు దుమ్ము తిన్నాను. ఆధారాల వివరాలు దాచిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను కానీ, మనం రాసుకోనిది అదెక్కడ తెస్తుంది! ఇప్పుడు పేజీ తెరవగానే పెన్సిల్‌తో వాల్యూమ్, తేదీ, పేజీ. ఆ తర్వాతే మిగతాది.

రెండోసారి 'మేజర్ రివిజన్', అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని వచ్చింది. ఒక్కో వ్యాఖ్యకు ఒక్కో జవాబు రాస్తున్నాను. నాయనమ్మ మాటను ఫుట్‌నోట్‌లో పెడతానంటే, ఊరికే పెట్టకు, అది నీ వాదనకు ఏం చేస్తుందో చెప్పు అంటున్నారు మేడమ్. ఇంకా బతిమాలుతున్నాను.