అంబాసిడర్ హెడ్డు మూడుసార్లు దింపిన కథ

నిన్న సాయంత్రం మంగళగిరి దాకా వెళ్ళొచ్చా, టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదల్లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

బండి నాన్నది, 1978 మార్క్ 3 పెట్రోల్. ఏప్రిల్లో గుంటూరు నుంచి వస్తుంటే వారధి మీద ఆవిర్లు కక్కింది. ఇంటికొచ్చి డిప్‌స్టిక్ తీస్తే దానికి ఆయిల్ బదులు పాలెక్కువైన టీ లాంటిది అంటుకుని వచ్చింది, రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలే బుడగలు. హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డుకీ కింది ఇంజన్ బ్లాకుకీ మధ్య పెట్టేది, పోయింది, అంతే కదా అనుకున్నా.

హెడ్డు దింపడం ఒక పూట పని. మొత్తం 11 నట్లు, అందులో నాలుగు, వాల్వుల్ని నొక్కే రాకర్ల స్టాండ్లని కూడా పట్టుకునుంటాయి. పోత ఇనుము కాబట్టి బరువుంటుంది, మా తమ్ముడు ఒక పక్క పట్టాడు.

అసలు కథ ఆటోనగర్‌లో మొదలైంది. షాపు పేరు చెప్పను. పెద్ద షాపు, పెద్ద సర్ఫేస్ గ్రైండింగ్ మెషీను, ఓనర్ టేబుల్ మీద రెండు ఫోన్లు. "ముందు ప్రెషర్ టెస్ట్ చెయ్యండి, క్రాక్ ఉందేమో చూద్దాం" అన్నా. ఆయన పక్కనున్న వాళ్ళకేసి చూసి "సార్ యూట్యూబ్ చూసొచ్చారు" అన్నాడు, అందరూ నవ్వారు. "ఇది అంబాసిడర్ సార్, దీనికి క్రాకేంటి, ఫేసింగ్ చేసి వాల్వులు గ్రైండింగ్ కొడితే ఇంకో 20 ఏళ్ళు" అన్నాడు. నాకూ బుద్ధి లేదు, సరే అన్నా. ఫేసింగ్ అంటే హెడ్డు అడుగుని చదునుగా అరగదీయడం, 8 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) తీశాడు. బిగించా, స్టార్ట్ చేశా, పది నిమిషాలకి మళ్ళీ బుడగలు.

రెండోసారి తీసుకెళ్తే మాత్రం నిజంగా తల కొట్టేసినట్టైంది. హెడ్డు వైపు కన్నెత్తి కూడా చూడకుండా "టైటింగ్ మీరే చేశారా, అందుకే వంగింది, చదువుకున్నోళ్ళు చదువుకున్న పని చెయ్యాలి సార్" అని అంతమంది ముందు అన్నాడు. అక్కడ రాడ్లు తుడుస్తున్న కుర్రాడు కూడా నవ్వాడు. నేను బిగువు కొలిచే టార్క్ రెంచితో, మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో బిగించా. ఆ మాట గొంతు దాకా వచ్చింది గానీ బయటికి రాలేదు, ఎందుకో ఇప్పటికీ తెలీదు. మళ్ళీ 6 థౌ తీసి, మళ్ళీ డబ్బులు తీసుకుని పంపించాడు. మళ్ళీ బుడగలు. వీళ్ళకి ఫేసింగ్ మీదే డబ్బులు, క్రాక్ దొరికితే ఆ పనే ఉండదు, అందుకే వెతకరు. ఇది నా అభిప్రాయం, ఎవరైనా కాదంటే అననివ్వండి.

మూడోసారి దింపి చిన్న సందులో ఉన్న ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళా. ఆయన ఏమీ మాట్లాడలా. నీళ్ళ దారులన్నీ ప్లేటు, రబ్బరు పెట్టి మూసేసి, గాలి పైపు తగిలించి, హెడ్డుని వేడినీళ్ళ తొట్టిలో దించాడు. చల్లగా ఉన్నంతసేపూ ఏమీ లేదు. ఇనుము వేడెక్కే కొద్దీ మూడో సిలిండర్లో ఇన్‌లెట్ వాల్వు కూర్చునే సీటుకీ ఎగ్జాస్ట్ వాల్వు సీటుకీ మధ్య నుంచి సన్నగా ముత్యాల్లాగా బుడగలు. "చూశావా బాబూ" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చినై.

వెల్డింగ్ చేద్దామా అంటే వద్దన్నాడు. పోత ఇనుముని చల్లగా ఉండగా వెల్డ్ చేస్తే పక్కనే ఇంకోచోట చీలుతుంది, హెడ్డు మొత్తం బాగా వేడి చేసి నిదానంగా చల్లార్చాలి, లేదా పిన్నులు కొట్టి కుట్టాలి, అది చేసే ఓపిక ఇప్పుడెవరికీ లేదు. మా బాబాయ్ ప్రీమియర్ పద్మిని కారుది అల్యూమినియం హెడ్డు, దానికి ఆర్గాన్ వెల్డింగ్ చేసి ఆరేళ్ళైంది, నడుస్తోంది. కానీ బోరు నీళ్ళు పోసి పోసి దాని నీళ్ళ రంధ్రాల అంచులన్నీ తినేసినై, వేడెక్కితే వంగడం కూడా తొందరే. దేని బాధ దానిది.

పాత సామాన్ల దగ్గర ఇంకో హెడ్డు దొరికింది. ఈసారి కొనకముందే టెస్ట్ చేయించా. తర్వాత రెండూ వరండాలో పక్కపక్కన పెట్టి కొలిచా. నాది 45 థౌ పల్చగా ఉంది! నా ముందే 14 థౌ తీశారు, మిగతాది పాత మెకానిక్కుల పుణ్యం. ఛాంబర్, అంటే హెడ్డులో పెట్రోల్ మండే గుంట, దాని మీద గ్రీజు రాసి, రంధ్రం పెట్టిన అక్రిలిక్ ముక్క అంటించి, సిరంజితో కిరోసిన్ పోసి చూస్తే నా దాంట్లో ఒక్కో ఛాంబర్ దాదాపు 3 సీసీ తక్కువ. సిలిండర్ 372 సీసీయే కదా, కంప్రెషన్ కచ్చితంగా పెరుగుతుంది. పైగా హెడ్డు పల్చబడితే రాకర్లని తోసే పుష్‌రాడ్లు పైకొచ్చి రాకర్ల కోణం మారుతుంది, అప్పుడు స్టాండ్ల కింద షిమ్ములు, అంటే పల్చటి రేకులు, వెయ్యాలి. ఫేసింగ్‌కి ముందూ తర్వాతా మందం కొలిచి రాసుకోండి, షాపు వాడు నవ్వినా సరే.

కొత్తగా దొరికిన దాంట్లో ఎగ్జాస్ట్ సీట్లు లోపలికి దిగిపోయి ఉన్నై. సీటు హెడ్డు ఇనుములోనే కోసి ఉంటుంది, పాత పెట్రోల్లో సీసం దాన్ని కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి మన దేశంలో సీసం పెట్రోల్ లేదు. నాలుగింటికీ గట్టి ఇన్‌సర్టులు వేయించా.

ట్యాపెట్లు (వాల్వుకీ రాకర్‌కీ మధ్య సందు) మాత్రం నేనే సెట్ చేశా, ఒక్క టిక్కు మోత లేదు. 8వ వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు 1వది సెట్ చెయ్యాలి, 7 నొక్కుకుంటే 2, రెండూ కలిపితే ఎప్పుడూ 9 రావాలి. ఇంగ్లండ్ ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) 1489 సీసీ ఇంజన్ ఉండేది కాబట్టి దాని పుస్తకాలు హెడ్డు పనికి బాగా పనికొస్తాయి. కాస్త తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలి, ట్యాపెట్లు మళ్ళీ చూడాలి, అది వచ్చే ఆదివారం.

మొదటి షాపులో నా రాకర్ స్టాండ్ నట్టు ఒకటి ఉండిపోయింది. కొత్తది కొనుక్కున్నా. దానికోసం మళ్ళీ ఆ గుమ్మం తొక్కను.