కత్తి సరే, ఒర ఏది?

నిన్న అల్మారా సర్దుతూ నా బయోనెట్లన్నీ, అంటే తుపాకీ మూతికి తగిలించే కత్తులన్నీ, బయటికి తీసి మంచం మీద పరిచా. కత్తులు పదకొండు, ఒరలు తొమ్మిది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత కదా, నా దగ్గరేమో రెండు కత్తులకి అసలు ఒరే లేదు.

అందులో ఒకటి రష్యావాళ్ళ మోసిన్-నాగాంట్ రైఫిల్‌ది, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. వాళ్ళు బయోనెట్‌ని ఎప్పుడూ తుపాకీ మూతికే తగిలించి ఉంచేవాళ్ళు, గురి కూడా అది తగిలించి ఉండగానే సెట్ చేసేవాళ్ళు, ఇంక ఒరతో పనేముంది. రెండోదాని సంగతే చెప్పాలి, అది చేతులారా చేసుకున్న పాపం.

అది బ్రిటిష్‌వాళ్ళ 1907 పాటర్న్, ఎస్ఎంఎల్ఈ (షార్ట్ మ్యాగజీన్ లీ-ఎన్‌ఫీల్డ్) రైఫిల్‌కి పెట్టేది, బ్లేడే 17 అంగుళాలు. కొత్తలో పిడి పక్కన బ్లేడు మీద 1907 అని చూసి అబ్బో అప్పటిదా అని తెగ సంబరపడ్డా, తర్వాత తెలిసింది అది మోడల్ పేరని, ఏ సంవత్సరం చేసినా అదే అంకె కొడతారని. అసలు తేదీ దాని కింద చిన్నగా ఉంటుంది. నాదాని మీద 5, పక్కన 16, అంటే 1916 మే. రెండోవైపు తిప్పితే ప్రభుత్వ ఆస్తి అని చెప్పే బాణం గుర్తు, తనిఖీవాళ్ళ ముద్రలు, ఒక ఇంటూ మార్కు. ఆ ఇంటూ చూసి ఎవడో కొట్టేశాడు, రిజెక్ట్ పీస్ అనుకున్నా మొదట్లో, కానీ బ్లేడుని వంచి చూశారు, విరగకుండా మళ్ళీ నిటారుగా వచ్చింది అని దానర్థం.

ఈ మోడల్‌కి మొదట్లో పిడికీ బ్లేడుకీ మధ్యనుండే అడ్డపట్టీ దగ్గర కిందకి వంగిన కొక్కెం ఉండేది, 1913లో తీసేశారు, అప్పటికే చేసినవాటిల్లో చాలావాటికి రిపేరుకి వచ్చినప్పుడు కోసేశారు కూడా. అందుకే కొక్కెం ఉన్నవాటికి ఎక్కడలేని గిరాకీ, అందుకే మామూలు కత్తికి కొక్కెం వెల్డింగ్ చేసి అమ్మేవాళ్ళూ తయారయ్యారు. కొక్కెం కనిపిస్తే ముందు అతుకు దగ్గర లెన్స్ పెట్టి చూడండి, రంగు తేడాగా ఉందా, కొత్తగా ఆకురాయి పెట్టిన గీతలున్నాయా అని.

సరే, ఒర విషయం. దీని ఒర తోలుది, పైన స్టీలు మూతి, కింద స్టీలు పొన్ను, వెనక నిలువునా కుట్టు. నా చేతికి వచ్చేసరికి ఎండి చెక్కలా బిగిసిపోయింది. మెత్తబడుతుంది కదాని కుట్టుమిషన్ నూనె ధారాళంగా పట్టించి, కత్తి అందులోనే దూర్చి, పెట్టెలో పడేసి మర్చిపోయా. వానాకాలం పోయాక తీద్దామంటే రాదే! బలంగా లాగితే పర్రుమని కుట్టు చివరిదాకా విచ్చుకుపోయింది, నూనెకి నాని దారం ముందే చచ్చుబడినట్టుంది, తోలేమో నల్లగా గుజ్జుగుజ్జుగా చేతికి అంటుకుంది. తోలులో ఉండే ఆమ్లం, పైన తేమ, రెండూ కలిస్తే ఇనుముని తినేస్తాయన్న ముక్క నాకప్పుడు తెలీదు. కుట్టు వెళ్ళిన దారిలోనే బ్లేడు మీద సన్నగా తుప్పు చార పడింది, ఇప్పటికీ ఉంది.

అప్పట్నించి తోలు ఒరలున్నవాటికి కత్తి వేరు, ఒర వేరు, రెండిటికీ ఒకే నంబరు చీటీ కడతా. బ్లేడుకి పల్చగా మైనం, అంతే. ఎమెరీ పేపరూ గ్రైండరూ దగ్గరికి కూడా రానివ్వను, తళతళలాడించాలని అరగదీస్తే ముందు పోయేది ఆ ముద్రలే, అవి పోయాక మిగిలేది ఉత్త ఇనుప ముక్క.

కత్తి దొరికినంత తేలిగ్గా ఒర దొరకదు, తోలైతే కుళ్ళుతుంది, ఇనుమైతే సొట్టలు పడుతుంది. దొరికినా దాని జతేనా అన్నది ఇంకో తలనొప్పి. ఫ్రెంచ్‌వాళ్ళ 1866 మోడల్ షాస్‌పో రైఫిల్ బయోనెట్ చూడండి, ఇత్తడి పిడి, పాములా వంకర తిరిగిన బ్లేడు, బ్లేడు వీపు మీద కలిపిరాతలో ఏ ఆయుధశాలో, ఏ నెలో, ఏ సంవత్సరమో చెక్కి ఉంటుంది, పెళ్ళి శుభలేఖ మీద రాసినంత ముచ్చటగా. అడ్డపట్టీ మీద ఒక నంబరు, ఇనప ఒర మీద ఒక నంబరు, రెండూ ఒకటైతే పండగే. నావి కలవవు. ఫ్రాన్స్‌తో జరిగిన 1870-71 యుద్ధంలో జర్మన్లు వీటిని గుట్టలుగా పట్టుకుపోయి వాడుకున్నారు, ఆ గందరగోళంలో ఎవరి ఒర ఎవరికి పోయిందో, అని నాకు నేనే సర్దిచెప్పుకుంటా. కొందరైతే ఒర మీద పాత నంబరు గీకి కొత్తది కొట్టి జత కుదిరిస్తారు, అది మాత్రం నాకు పరమ చిరాకు. కలవకపోతే కలవలేదని చెప్పి అమ్మొచ్చుగా.

ఒరంటే కత్తికి గలీబు లాంటిదేగా అనేవాళ్ళకి రష్యావాళ్ళ ఏకేఎం రైఫిల్ బయోనెట్ చూపిస్తా. బ్లేడులో ఒక కన్నం ఉంటుంది, దాన్ని ఒర చివరున్న బొడిపెకి తగిలిస్తే రెండూ కలిసి ముళ్ళతీగ కత్తిరించే కత్తెర అయిపోతాయి. ఒర పోగొట్టుకున్నవాడి దగ్గర సగం పనిముట్టే ఉన్నట్టు.

ఇంతకీ నా 1907కి ఒర కోసం రెండేళ్ళుగా వెతుకుతున్నా. కొత్తగా చేసిన నకలు ఒరలు దొరుకుతాయి, బానే ఉంటాయి కూడా, కానీ ఎందుకో మనసొప్పలేదు. మొన్న ఒకాయన తన దగ్గర కత్తి లేని ఒర ఒకటుందని ఫోటో పంపాడు. పొన్ను దగ్గర చిన్న సొట్ట ఉంది గానీ కుట్టు గట్టిగానే కనిపిస్తోంది. వెనకవైపు కూడా ఫోటో తీసి పంపమన్నా, ఇంకా పంపలేదు.