సలేశ్వరం లింగమయ్య దగ్గరికి

శ్రీశైలం రోడ్డు మీది ఫరహాబాద్ గేటు దాటి మట్టిరోడ్డు ఎక్కాక చూస్తే నల్లమల అంతా ఎండిపోయి ఉంది. తపసి చెట్లు ఆకు రాల్చి తెల్లటి మానులతో నిలబడ్డాయి. చైత్రమాసపు ఎండ. ఇలాంటి అడవిలో జలపాతమా అని మా అక్క రెండుసార్లు అడిగింది.

తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, లోతైన లోయలో ఉంటుంది సలేశ్వరం. ఒక జలపాతం, దాని పక్కనే గుహలో శివుడు, అదే మా లింగమయ్య. ఏడాదంతా వెళ్లనివ్వరు. చైత్ర పౌర్ణమి జాతరకి కొద్ది రోజులే దారి తెరుస్తారు, ఈ మధ్య ఆ రోజులు కూడా తగ్గించారు. చాలామందికి అది కోపం. నాకైతే సరైన పనే అనిపిస్తుంది. ఆర్పని ఒక్క బీడీ ముక్క చాలు, కొండంతా అంటుకుంటుంది. పులులు నీళ్ల కోసం తిరిగే కాలం కూడా ఇదే.

బండ్లు ఆగిన చోటు నుంచి నడకే. మొదట చదునుగా ఉన్న దారి తర్వాత కొండ అంచు పట్టుకుని దిగుతుంది. కొన్నిచోట్ల ఒక్క మనిషే పడతాడు, కాలి కింద రాళ్లు జారతాయి. దిగేవాళ్లు "వస్తున్నాం లింగమయ్యా" అంటుంటే, ఎక్కేవాళ్లు "పోయొస్తం లింగమయ్యా" అంటూ పక్కకి ఒదిగి దారి ఇస్తున్నారు. ముసలమ్మలు కర్ర ఊతంతో నాకన్నా ముందు దిగిపోయారు.

లోయ అడుగుకి చేరేసరికి ఎండ పోయింది. రెండు పక్కలా నిలువు బండలు, వాటికి వేలాడుతున్న తేనెపట్లు. నేను తలెత్తి చూస్తుంటే ఒక చెంచు పెద్దాయన చెప్పాడు, తేనె తీయడానికి తాడు మీద దిగుతారట. "పైన తాడు పట్టేది బామ్మర్దే సారూ. అక్క బతుకు పాడు చెయ్యడు గదా" అన్నాడు. శ్రీశైలం మల్లన్నని కూడా చెంచులు తమ ఇంటి అల్లుడనే అంటారు. ఆ చుట్టరికం ఎంత గట్టిదో ఆ మాటతో నాకు తెలిసింది.

చాలా ఎత్తు నుంచి సన్నటి ధార. గాలికి చెదిరి, తుంపరై గుండంలో పడుతోంది. అందులో దిగితే వెన్ను జలదరించింది. వానాకాలంలో పైన అడవి తాగిన నీళ్లు బండల సందుల్లోంచి దిగి, నడి వేసవిలో ఇలా మన తల మీద పడుతున్నాయి. పైన చెట్లు పోతే ఈ ధారా ఉండదని నా నమ్మకం. గుహలో లింగమయ్యకి పూజ చేసేది చెంచులే. మంత్రాల హడావిడి లేదు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి పంపారు.

వచ్చే దారిలో మాత్రం బాధేసింది. గేటు దగ్గర ప్లాస్టిక్ వద్దని చెప్పినా గుట్కా పొట్లాలు, నీళ్ల సీసాలు రాళ్ల సందుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చెంచు పిల్లలు గోనెసంచుల్లోకి ఏరుతున్నారు. ఆ పని వాళ్లది కాదు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందు రోజే అడవి అంచున ఉన్న మన్ననూరు చేరుకుని, గేటు తెరవగానే లోపలికి వెళ్లండి. స్టీలు సీసాలో నీళ్లు పట్టుకోండి. మధ్యాహ్నం ఆ కొండ ఎక్కడం చాలా కష్టం.