ఉప్పు పొన్న సీసా

మా టెన్త్ బ్యాచ్ మళ్లీ కలుసుకునే వేడుక కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చాక, దాని సంచిక కోసం ఇది రాస్తున్నాను. ఒక్క పేజీ చాలు, ఏదైనా రాయి అన్నాడు మా క్లాసు లీడర్. పదేళ్లు ఆ బడిలోనే చదివాను కానీ రాయడానికి కూర్చుంటే నాకు ఒక్క రోజే కళ్ల ముందుకొస్తోంది. 2001 డిసెంబరు, తొమ్మిదో తరగతి, కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకి టూరు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ఎవరూ పడుకోలేదు. పులిహోర డబ్బా సంగతి ఎలాగూ పొడుగు రాస్తాడు (మాలో అందరికీ ఇలాంటి ముద్దుపేర్లే), నేను రాయను.

కాకినాడలో దిగి యానాం రోడ్డు మీదుగా వెళ్లి పడవ ఎక్కేసరికి సముద్రం పాటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. కాలవ గట్ల పొడుగునా నల్లటి బురద, అందులోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ వేర్లు. "గిదేంది సార్ గీ వాసన" అని బొండాం అడగ్గానే అందరం బయాలజీ సారు వైపు చూశాం. సారు జవాబు చెప్పలేదు. పడవ తాత వైపు తిరిగి, "మీరు చెప్పండి బాబాయ్, వీళ్లతో పాటు నేనూ వింటాను" అని, జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి మా మధ్యలో కూర్చున్నారు.

"ఆయ్, బురదలో గాలాడదండి, అందుకని వేళ్లే పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయండి" అన్నాడు తాత. తెల్లమడ ఆకు తెంపి నాకమన్నాడు. ఉప్పు! చెట్టు తాగిన ఉప్పునీళ్లలోని ఉప్పుని ఆకు బయటికి తోసేస్తుందని అప్పుడే తెలిసింది. తిల్ల చెట్టు కొమ్మ విరవబోయిన ఇంకుబుడ్డి చెయ్యి తాత ఠక్కున లాగేశాడు, ఆ పాలు కంట్లో పడితే చూపే పోతుందని. ఉప్పు పొన్న చెట్టు దగ్గర పడవ ఆపి చాలాసేపు చెప్పాడు. దాని గింజ కింద పడకముందే చెట్టు మీదే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది, పడితే బురదలో నిలువుగా దిగుతుంది, లేదంటే పోటు ఎటు తీసుకెళ్తే అటు తేలుతూ పోయి ఇంకో గట్టున పాతుకుంటుంది. "తల్లి దగ్గరే నడక నేర్చుకుని దిగుద్దండి" అన్నాడు. సారు ఆ మాట రాసుకుని కింద గీత గీశారు. నేను పక్కనే ఉన్నాను, చూశాను.

తొంభై ఆరు నవంబరు తుఫాను గురించి సారు అడిగితే తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మడ చాటున కట్టిన పడవే మిగిలిందండి మాకు" అన్నాడు.

నీళ్లలో తేలుతున్న ఉప్పు పొన్న కాయ ఒకటి తాతే తీసి సారుకి ఇచ్చాడు. ల్యాబ్ కిటికీలో దాన్ని పెట్టిన సీసా అందరికీ గుర్తుండే ఉంటుంది. మార్చికి రెండు ఆకులు వేసింది. శనివారం శనివారం చిటికెడు ఉప్పు వేసే డ్యూటీ నాది.

టెన్త్, ఫేర్‌వెల్, గొడవలు, అవన్నీ మిగతావాళ్లు రాస్తారు.

నేనిప్పుడు కూకట్‌పల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తున్నాను, పన్నెండేళ్లయింది. ప్రతి జనవరిలో పిల్లల్ని అమీన్‌పూర్ చెరువుకి తీసుకెళ్తాను, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు కదా, అక్కడికే. గట్టు మీద వల బాగుచేసుకునే అన్నని మాట్లాడమని చెప్పి, నోట్‌బుక్ తీసుకుని నేనూ పిల్లల మధ్య కూర్చుంటాను. పోయినేడాది నా స్టూడెంట్ ఒకమ్మాయికి మడ అడవుల మీద పీహెచ్‌డీ సీటు వచ్చింది, ఇంటికి స్వీట్లు పట్టుకొచ్చింది. ఆ రాత్రే సారుకి ఫోన్ చేశాను. అంతా విని, "ఏ చెట్టు మీదమ్మా, ఉప్పు పొన్నేనా?" అని అడిగారు.

లీడర్, ఒక్క మాట. హాలు మొదటి అంతస్తులో తీసుకున్నారని విన్నాను. సారుకి మోకాళ్లు బాలేవు, మెట్లెక్కలేరు. కిందదే చూడండి, డబ్బు తేడా వస్తే నేనిస్తాను. సారు కుర్చీ స్టేజి మీద వద్దు, మన మధ్యలో వేయించండి.