కాల్ బాయ్ ఇంకా రాలేదు

సెప్టెంబర్ 21, ఆదివారం

ఈసారి అల్జీమర్స్ దినం, మహాలయ అమావాస్య ఒకే రోజున పడ్డాయి. అన్నయ్య ఇంట్లో నాన్నకి తర్పణాలు వదిలే పనిలో ఉంటే, నేను అల్జీమర్స్ నడక కోసం ఊదారంగు టీషర్ట్ వేసుకుని ఆరింటికల్లా విశాఖ ఆర్కే బీచ్‌కి చేరాను. "అమావాస్య పూట ఆ నడకేమిటే" అని అమ్మ రాత్రే సణిగింది. పొద్దున్నే లేచి కాఫీ పెట్టిచ్చిందీ ఆవిడే.

కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, కురుసుర సబ్‌మెరైన్ దాటి వుడా పార్కు దాకా నడవాలి. ముందుగా ఒక డాక్టరు మాట్లాడారు. దేశంలో అరవై దాటినవాళ్ళలో 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు, ఉందని అంచనా అట. పట్నాల కన్నా పల్లెల్లోనే ఎక్కువట. చుట్టూ చూస్తే అందరం పట్నం వాళ్ళమే. మా నాన్న కూడా ఎస్.కోట దగ్గరి ఊళ్ళోనే ఉండిపోయి ఉంటే, "పెద్దాయనకి చాదస్తం పెరిగింది" అనుకుని ఊరుకునేవాళ్ళం. ఎవరి కోసం నడుస్తున్నామో రాసి గుండెకి పెట్టుకోమని కార్డులిచ్చారు. "నాన్న" అని రాశాను.

అసలు నాన్న లేచి నడిస్తేనే మాకు భయంగా ఉండేది. ఆయన రైల్వేలో గార్డు. పొద్దు వాలిందంటే డ్యూటీ గుర్తొచ్చేది. సాయంత్రానికి కంగారు పెరగడం ఈ జబ్బులో మామూలేనని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. చొక్కా మీద చొక్కా తొడుక్కుని వీధి తలుపు దగ్గర నిలబడేవారు. ఓసారి ఎలాగో బయటపడి జ్ఞానాపురం వైపు దొరికారు. అంటే స్టేషన్ దారి పట్టారన్నమాట! ఆ మర్నాడే తలుపుకి పైన, ఆయన చూపు పోనంత ఎత్తులో ఇంకో గడియ బిగించాం. "మీరు రిటైరైపోయారు నాన్నా" అని చెబితే వినేవారు కాదు, కోపంతో ఊగిపోయేవారు. చివరికి అమ్మే దారి కనిపెట్టింది. "కాల్ బాయ్ ఇంకా రాలేదండీ, వస్తే నేను లేపనూ?" అంది. అంతే, వెళ్ళి పడుకున్నారు. డ్యూటీకి రమ్మని పుస్తకంలో సంతకం పెట్టించుకోడానికి ఇంటికొచ్చే ఆ కుర్రాళ్ళు ఎప్పటి మాట! అయినా ఆ ఒక్క మాటతో ఎన్నో రాత్రులు గట్టెక్కాం.

నా పేరు మర్చిపోయాక కూడా బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు అని వరసగా చెప్పుకుపోయేవారు. మధ్యలో ఒక స్టేషన్ నేను కావాలని తప్పు చెబితే ఎంత చిరాకో.

సబ్‌మెరైన్ దగ్గర ఒకావిడ కలిశారు. ఆవిడ భర్తకి ఇప్పుడు ఆ జబ్బు. వెంట తీసుకొచ్చారు. ఆయన మెళ్ళో ఫోన్ నంబరు రాసిన కార్డు, కాళ్ళకి కొత్త బూట్లు, మా అందరికన్నా ముందు నడుస్తున్నారు. "మీ నాన్నగారు రాత్రిళ్ళు పడుకునేవారా? స్నానానికి గొడవ చేసేవారా? మనిషిని పెట్టుకున్నారా, ఎంతిచ్చారు?" పరిచయాలు లేవు, ఏమీ లేవు, నేరుగా ఇవే ప్రశ్నలు. నాకూ అలా అడిగేవాళ్ళే కావాల్సొచ్చేది అప్పట్లో. తలుపు గడియ సంగతి, కాల్ బాయ్ సంగతి చెప్పాను. వాళ్ళాయన బ్యాంకులో చేశారట, సాయంత్రమైతే క్యాష్ లెక్క తేలలేదని గోల. "అయితే రేపు ఆడిట్ వాయిదా పడిందని చెప్పి చూస్తాను" అని నవ్వారు.

ఇవాళ వచ్చిన చందాలు ఒక డేకేర్ సెంటర్‌కి ఇస్తారట. టీషర్టులు మానేసి ఆ డబ్బు కూడా అటే ఇవ్వొచ్చు, నన్నడిగితే.

వుడా పార్కు దగ్గర అందరం ఆగాం. ఆయన ఆగలేదు. వెనక్కి తిప్పితే కోపం వస్తుందని ఆవిడా, ఆవిడతో నేనూ, ఇంకాస్త దూరం ఆయన పక్కనే నడిచి, మాటల్లో పెట్టి, పెద్ద చుట్టు తిప్పి తీసుకొచ్చాం.

ఇంటికొచ్చేసరికి తర్పణాలు అయిపోయాయి. గారెలు తింటూ ఆవిడ సంగతి చెప్పాను. అమ్మ వెంటనే, "నాన్నని చూసుకున్న అబ్బాయి ఇప్పుడు ఖాళీగానే ఉన్నాడు. రాత్రి డ్యూటీ అయినా చేస్తాడు. నంబరు పంపు" అంది. పంపాను. రేపు వచ్చి మాట్లాడతానన్నాడట.